నాయనమ్మ ఊది చూసిన ఇత్తడి గొట్టం

అడిలైడ్ శివారు మాసన్ లేక్స్‌లో ఇల్లు అమ్మేస్తున్నానని అమ్మ ఫోన్లో చెప్పినప్పుడు నాకు పెద్దగా ఏమీ అనిపించలేదు. నాన్న పోయాక ఆవిడ ఒక్కతే ఉంటోంది. నర్సు ఉద్యోగం నుంచి రిటైరయింది. "నాలుగు బెడ్‌రూములు పెట్టుకుని ఒక్కదాన్నీ ఏం చేసుకోనే? వాక్యూమ్ చేసుకోడానికే వీకెండ్ అయిపోతోంది," అంది. నిజమే కదా అనుకుని, సామాన్లు సర్దడానికి సాయంగా మెల్‌బోర్న్ నుంచి అడిలైడ్ వెళ్ళాను. గరాజ్ తలుపు ఎత్తాను. విమానం ట్యాగులు ఇంకా ఊడని సూట్‌కేసులు, ఎండిపోయిన పెయింటు డబ్బాలు, ఎవరూ వాడని ఇడ్లీ రేకులు. మా ఇంట్లో ఏదీ పారేయరు, ఏదీ వాడరు. మేకులూ మరలూ వేసుకునే ఒక బిస్కట్ల డబ్బా అడుగున జానెడు ఇత్తడి గొట్టం ముక్క ఒకటి దొరికింది. ఒక చివర ఆకురాయితో అరగదీసి ఉంది. అమ్మ దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, "ఇదేంటే, కర్టెన్ రాడ్ ముక్కా? రీసైక్లింగ్‌లో వేసేస్తున్నా," అంది. "ఉండమ్మా," అని చేతిలోంచి లాక్కుని, ఆలోచించకుండానే నోటికి ఆనించి ఊదాను. ఇన్నేళ్ళ దుమ్ము ఆవలి చివర నుంచి బుస్సున ఎగిరింది. "నలభై ఏళ్ళొచ్చాయి, ఇంకా చిన్నపిల్లవనుకుంటున్నావా?" అంది అమ్మ.

ఆ ఇంటికి వచ్చినప్పుడు నాకు పదిహేనేళ్ళు. రాజోలు దగ్గర పల్లె నుంచి ఒక్కసారిగా వచ్చి పడ్డాం. నాన్నది ఉత్తరాన ఎడారిలో గనుల ఉద్యోగం. రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇంట్లో. ఆ ఇంట్లో ఉండే వారం కూడా సగం నిద్రే. అమ్మకు ఆసుపత్రిలో షిఫ్టులు. నేను ఒక్కదాన్నే అయిపోతానని ఏడాది విజిటర్ వీసా మీద నాయనమ్మను కూడా రప్పించారు. పల్లెలో ఆవిడ ఒక చోట అయిదు నిమిషాలు కూర్చున్నది నేను చూడలేదు. ఇక్కడ మాత్రం పొద్దున్నే స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, వీధి వైపు కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. గంటకో కారు వెళ్తే దానికి మెడ తిప్పేది. "ఈ ఊళ్ళో మనుషుల్ని ఎక్కడ దాచారే అమ్మడూ?" అని నన్ను అడిగేది. ఒకరోజు చెరువు చూపించడానికి తీసుకెళ్ళాను. అది ఊరు కట్టినప్పుడు తవ్వి నీళ్ళు నింపిందని చెబితే నమ్మలేదు. "అయితే ఆ బాతుల్ని కూడా కొనుక్కొచ్చి వదిలారా?" అంది. అదేమో నాకూ తెలియదు.

ఆ ఇంటి పొద్దుటి వాసన నాకు ఇప్పటికీ ముక్కులోనే ఉంది. ముందు ఫిల్టర్ కాఫీ, తరవాత కొబ్బరినూనె. చలికాలంలో అడిలైడ్‌లో కొబ్బరినూనె సీసాలోనే గడ్డకట్టేసేది. నాయనమ్మ స్టీలు గ్లాసులో వేణ్ణీళ్ళు పోసి, అందులో సీసా నిలబెట్టి, కరిగాక నా తలకు పట్టించి గట్టిగా రెండు జడలు వేసేది. "చిక్కు పడకుండా ఉండాలంటే నూనే, చిక్కుల్లో పడకుండా ఉండాలంటే నోరు మూసుకోవడం," అనేది. మొదటిది ఆవిడ చూసుకునేది, రెండోది బళ్ళో నేనే చూసుకునేదాన్ని. మా పల్లె బళ్ళో క్లాసు ఫస్టు నేను. ఇక్కడి పిల్లల ఇంగ్లీషు మాత్రం నా చెవికి అందేది కాదు. మాట మొదలయ్యేసరికి అయిపోయేది. రోజంతా నేను మాట్లాడేవి రెండే మాటలు. హాజరు పిలిచినప్పుడు ఒక "హియర్", బస్సు దిగేటప్పుడు డ్రైవరుకి ఒక "థ్యాంక్యూ". లంచ్‌లో లైబ్రరీ వెనక మెట్ల మీద కూర్చుని పులిహోర తిని, గంట కొట్టేదాకా డబ్బా మూత తీస్తూ పెడుతూ ఉండేదాన్ని. ఇంటికి రాగానే ఆ మాటలన్నీ నాయనమ్మ మీద కుమ్మరించేదాన్ని. ఆవిడ కూడా పొద్దుట్నించీ దాచుకున్నవి నా మీద కుమ్మరించేది. ఇద్దరం ఒకేసారి మాట్లాడేవాళ్ళం, ఎవరూ వినేవాళ్ళు కాదు. అయినా ఇద్దరికీ తృప్తిగానే ఉండేది.

బస్‌స్టాపులో లియామ్ అనే కుర్రాడు ఉండేవాడు. నా క్లాసే, మా వెనక వీధే. అతని సంచీలోంచి ఎప్పుడూ ఒక బొమ్మ తుపాకి బయటికి పొడుచుకుని ఉండేది. స్పాంజి డార్టులు పేల్చే రకం, ముదురు రంగుల ప్లాస్టిక్‌ది. వీళ్ళు దాన్ని బ్లాస్టర్ అంటారు. పదిహేనేళ్ళ మగపిల్లాడికి బొమ్మ తుపాకి ఏమిటా అని నేను వింతగా చూస్తుంటే, అతనే ఒకరోజు తీసి నా చేతిలో పెట్టాడు. శనివారం పొద్దున్న ఏడెనిమిది మంది ఆడా మగా కలిసి ఓవల్ దగ్గర, అంటే ఊరి ఆటస్థలంలో, రెండు జట్లుగా ఆడుకుంటారట. "కమ్ ఆన్ సాటర్‌డే. బట్ బ్రింగ్ యువర్ ఓన్ బ్లాస్టర్," అన్నాడు. తెచ్చుకుంటే రమ్మన్నాడు. నన్ను ఈ దేశంలో ఒకరు రమ్మనడం అదే మొదలు. ఆ తరవాత చదువులు, ఉద్యోగాలు, పెళ్ళి, విడాకులు అన్నీ చూశాను గానీ, ఆ శనివారం ఆటను కోరుకున్నంత గట్టిగా దేన్నీ కోరుకోలేదని చెప్పగలను.

పాత సామాన్లు అమ్మే ఆప్ షాపులో ఒక బ్లాస్టర్ దొరికింది. వెనక పిడి లాగితే లోపల స్ప్రింగు నొక్కుకుంటుంది. మీట నొక్కితే స్ప్రింగు పిస్టన్‌ను తోస్తుంది, పిస్టన్ గాలిని తోస్తుంది, గాలి డార్టును తోస్తుంది. అంతా సైకిలు పంపు వ్యవహారమే. కానీ నాది పేలిస్తే డార్టు ఏడడుగులు నడిచి సొమ్మసిల్లేది. లియామ్ దాన్ని వాళ్ళ షెడ్డులో విప్పి, లోపలి ప్లాస్టిక్ గొట్టం చూపించాడు. గొట్టం వదులుగా ఉంది కాబట్టి గాలంతా డార్టు పక్కనుంచి పోతోందట. ఆ బ్యారెల్ తీసేసి ఇత్తడిది పెట్టుకోవాలి. మరీ వదులైతే గాలి వృథా, మరీ బిగుతైతే డార్టు కదలదు. వెంట్రుకవాసి తేడాతో మూడు రకాల ఇత్తడి ముక్కలు ఇచ్చి, నీ డార్టుకు ఏది సరిపోతుందో ఇంటి దగ్గర ఊది చూసుకోమన్నాడు. నోటితో ఊదితే డార్టు ఎక్కడా పట్టకుండా, గాలి కారకుండా జారాలి. వాళ్ళంతా అలాగే చూస్తారట.

నేను హాల్లో కూర్చుని బుగ్గలు నొప్పెట్టేదాకా ఊదాను. మూడూ ఒకేలా అనిపించాయి. నాయనమ్మ కాసేపు చూసి, "ఇలా తే," అని చెయ్యి చాపింది. కట్టెల పొయ్యి ముందు నలభై ఏళ్ళు ఊదుడు గొట్టం పట్టిన మనిషి ఆవిడ. తడి పుల్లలకు ఎంత గాలి, కాలిన బొగ్గుకు ఎంత గాలి అన్నది ఆవిడ ఊపిరికి తెలుసు. మొదటి గొట్టంలో డార్టు పెట్టి ఒక్కసారి ఊది, "ఇది బిగుతే. నా గాలి నా మొహాన్నే కొడతంది," అంది. రెండోది ఊది, "దీంట్లో పక్కనించి పోతంది, మీ తాతయ్య చేతిలో డబ్బు పోయినట్టు," అంది. మూడోది ఊదేసరికి డార్టు హాలు దాటి వంటగదిలో చిక్కుడుకాయల గిన్నెలో పడింది. డెబ్భై ఏళ్ళ మనిషి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "ఇదేనే అమ్మడూ! ఇంకో మాట లేదు!" లియామ్ తరవాత కొలిచి చూసి అదే సరైందన్నాడు. ఎవరు ఊదారని అడిగితే నేనే అని చెప్పాను. ఆ చిన్న అబద్ధం అప్పుడు నన్నేమీ బాధించలేదు.

బ్లాస్టర్ సిద్ధమయ్యేసరికి మూడు వారాలు పట్టింది. ఆ సాయంత్రాలు మా ఇంట్లో వెలుగే వేరు. నాన్న పైపు కట్టర్‌తో గొట్టం కోశాం. కోసిన అంచుకు డార్టు గీరుకుపోతుందని ఆకురాయితో అరగదీశాం. ఇత్తడి నల్లబడి ఉందని నాయనమ్మ చింతపండు, ఉప్పు వేసి లోపలా బయటా తోమి, పాత చీర పేలిక దూర్చి తుడిచింది. లోపల అద్దంలా తేలింది. "చెంబైనా తుపాకైనా ఇత్తడి ఇత్తడే," అని తీర్పిచ్చింది. గురి కుదరక నేను బ్లాస్టర్‌ను తిడితే, "ఆడలేక మద్దెల ఓడన్నట్టుందే నీ వాలకం," అని తనే తీసుకుని పేల్చేది. క్యాలెండర్ మీద వారాన్ని ఎంచుకుని కొట్టేది. అమ్మ డ్యూటీ నుంచి వచ్చి, "అత్తయ్యగారూ, మీరు కూడానా!" అని తల పట్టుకునేది. కిటికీ దగ్గర కుర్చీ ఆ మూడు వారాలూ ఖాళీగానే ఉంది. నేను బస్సు దిగేసరికి నాయనమ్మ తలుపు తీసి నిలబడి ఉండేది. ఇవాళ ఏం చెయ్యాలో పొద్దున్నే అనుకుని ఉంచేది.

ఆటకు ముందురోజు, శుక్రవారం చూస్తే పిస్టన్ కిర్రుమంటోంది, కాస్త పట్టేస్తోంది. దానికి సిలికాన్ గ్రీజు రాయాలని లియామ్ ఎప్పుడో చెప్పాడు. అదేమిటో, ఎక్కడ దొరుకుతుందో నాకు తెలియదు. అడగడానికి నామోషీ. నాయనమ్మ, "కిర్రుమంటే నూనె వెయ్యాలి, ఇందులో అడగడానికేముందే?" అని స్నానాలగదిలోంచి కొబ్బరినూనె సీసా తెచ్చింది. పిస్టన్ చుట్టూ రాసింది, జారుతుందని బ్యారెల్‌లో కూడా రెండు చుక్కలు వేసింది. హీటరు వెచ్చదనంలో అది వెన్నలా పని చేసింది. డార్టు హాలు ఈ చివర నుంచి ఆ చివరికి దూసుకుపోయి గోడకు తగిలి టప్పుమంది. "ఇంట గెలిచావు, ఇంక రచ్చ గెలవడమే," అంది నాయనమ్మ. రోజూ పొద్దున్నే అదే సీసాను వేణ్ణీళ్ళలో పెట్టి కరిగించుకునే మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఇద్దరం ఇద్దరమే.

శనివారం పొద్దున ఓవల్ గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. నాయనమ్మ నాతో వస్తానంది. వద్దనలేకపోయాను. చీర మీద స్వెట్టరు, దాని మీద నాన్న గనుల్లో వేసుకునే పసుపుపచ్చ కోటు, మేజోళ్ళ మీద హవాయి చెప్పులు, తలకు కోతి టోపీ. దారి పొడుగునా రెండడుగులు ముందే నడిచాను. ఆవిడ గట్టున బల్ల మీద కూర్చుంది. ఆట మొదలైంది, నా వంతు వచ్చింది. ఒకమ్మాయి చెట్టు చాటు నుంచి బయటికొచ్చింది, నేను మీట నొక్కాను. లోపల పిస్టన్ నిద్రలో కదిలినట్టు కదిలింది. డార్టు బయటికొచ్చి నా కాళ్ళ దగ్గరే పడింది. మళ్ళీ నొక్కితే అసలు రాలేదు. అందరూ చుట్టూ చేరారు. లియామ్ మర విప్పి వేలు పెట్టి తీస్తే తెల్లటి గడ్డలు వచ్చాయి. వాసన చూసి, "స్మెల్స్ లైక్ సన్‌స్క్రీన్!" అన్నాడు. ఎండలో రాసుకునే క్రీము వాసనట. అందరూ విరగబడి నవ్వారు. ఇప్పుడు ఆలోచిస్తే అది చెడ్డ నవ్వు కాదు. అప్పుడు మాత్రం నాకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది.

నాకేదో ఇబ్బంది వచ్చిందని నాయనమ్మ లేచి వచ్చింది. గుంపులోకి తోసుకొచ్చి, "ఏమైందే? ఆ గొట్టం ఇలా తే, ఊది చూస్తా," అని చెయ్యి చాపింది. అందరూ ఆ కోటును, ఆ టోపీని, ఆ చెప్పులను చూశారు. నేను ముందు వాళ్ళ వైపు తిరిగి ఇంగ్లీషులో, ఇదంతా ఈవిడే చేసింది, ఈవిడకేమీ తెలియదు అన్నాను. నేను ఈ దేశంలో తడుముకోకుండా మాట్లాడిన మొదటి వాక్యం అదే. తరవాత ఆవిడ వైపు తిరిగి తెలుగులో అన్నాను. "నిన్నెవరు రమ్మన్నారు? నా పరువు తీస్తున్నావు. ఇంటికెళ్ళు." నాయనమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని కోటు జేబులో పెట్టుకుంది. "అలాగేనమ్మా, ఎల్తాలే," అంది. వెళ్ళిపోయింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు.

లియామ్ తన దగ్గరున్న రెండో బ్లాస్టర్ నాకిచ్చాడు. మధ్యాహ్నం దాకా ఆడాను. ఇద్దరిని కొట్టాను కూడా. సిగ్గు లేకుండా చెప్పాలంటే, ఆ రోజు ఎంత ఆనందంగా గడిచిందో నాకు బాగా గుర్తుంది. నా పేరు పలకలేక అందరూ "సూ" అని కుదించేశారు. వచ్చే వారం తప్పకుండా రమ్మన్నారు. ఇంటికొచ్చేసరికి నాయనమ్మ అన్నం వండి, పప్పుచారు పెట్టి, కంచం ముందు కూర్చుని ఉంది. "నెగ్గావా?" అంది. నెగ్గానన్నాను. "మరింకేం, తిను," అంది. అంతే. ఆ తరవాత ఆవిడ ఆ బ్లాస్టర్ ముట్టుకోలేదు, నేను ముట్టుకోమనలేదు. నెల తిరక్కుండానే చలి పడటం లేదని నాన్నతో చెప్పి, వీసా ఇంకా అయిదు నెలలుండగానే రాజమండ్రిలో మా బాబాయి దగ్గరికి వెళ్ళిపోయింది. విమానాశ్రయంలో నా జడ సరిచేసి, "వారం వారం ఆడుకో," అంది. నేను యూనివర్సిటీలో ఉండగా పోయింది. పరీక్షలని వెళ్ళలేదు. క్షమించమని అడగడానికి ఫోన్లో ఎన్నోసార్లు అవకాశం వచ్చింది. ప్రతిసారీ "భోంచేశావా?" అని అడిగి పెట్టేశాను. లియామ్ వాళ్ళు మరుసటి ఏడు క్వీన్స్‌లాండ్ వెళ్ళిపోయారు, ఆట చెదిరిపోయింది. నేను మళ్ళీ మెట్ల మీదికి చేరాను. ఈసారి ఇంటికొచ్చినా మాటలు కుమ్మరించడానికి ఎవరూ లేరు.

ఇప్పుడు నేనుండే మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో మా పక్కింటి తెలుగువాళ్ళ పిల్లాడికి ఇదే పిచ్చి. వాడికి బ్యారెళ్ళు పోస్టులో వస్తాయి, కొలత ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది, బిగించడం వీడియోలో చూసుకుంటాడు. "యూ డోంట్ హావ్ టు బ్లో ఇంటు ఇట్, ఆంటీ," అని నన్ను చూసి నవ్వాడు. ఊదక్కర్లేదట. నిజమే, ఎవరి ఊపిరీ అక్కర్లేకుండా అన్నీ సరిగ్గా సరిపోతున్నాయి. నేను ఇంట్లోంచే పని చేస్తాను. బల్ల కిటికీ వైపు వేసుకున్నాను. ఒక్కోరోజు సాయంత్రం అయ్యాక గానీ ఆ రోజు గొంతు విప్పలేదని గుర్తుకురాదు. నాయనమ్మకు ఆ ఇంట్లో పగళ్ళు ఎలా గడిచేవో ఇప్పుడు నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పుడు ఎంత దగ్గరున్నా తెలియలేదు.

గరాజ్ సర్దడం అయ్యాక, కుర్చీలు కూడా కట్టేశాం కాబట్టి, అమ్మా నేనూ వంటగది నేల మీద కూర్చుని టీ తాగాం. గొట్టం నా ఒళ్ళో ఉంది. పాతికేళ్ళుగా ఎవరికీ చెప్పని ఆ శనివారం గురించి అమ్మకు చెప్పాను. తిడుతుందనుకున్నాను. కప్పు కింద పెట్టి, "ఓహో, అత్తయ్యగారు తప్పిపోయిన రోజా?" అంది.

"తప్పిపోవడమేంటమ్మా?"

"ఓవల్ నుంచి ఇటు తిరగాల్సింది అటు తిరిగిందటే. అన్ని ఇళ్ళూ ఒకేలాగున్నాయాయె, ఏది మనదో ఎలా తెలుస్తుంది? రెండు గంటలు తిరిగింది ఆ చెప్పులతో. అడుగుదామంటే రోడ్డు మీద పురుగు లేదు. చివరికి ఎవరో ఒకావిడ కుక్కను వాక్‌కి తీసుకెళ్తుంటే, నేను అడ్రస్ రాసి చెంగుకి ముడేసి ఉంచాను చూడు, ఆ చీటీ విప్పి చూపించిందట. ఆవిడే పాపం మన గుమ్మం దాకా తెచ్చి దింపింది. ఆ రాత్రి నేను డ్యూటీ నుంచి వచ్చి చూస్తే కాళ్ళు బొబ్బలు. డ్రెస్సింగ్ చేస్తూ గట్టిగా అడిగితే అప్పుడు చెప్పింది."

"నాకెవరూ చెప్పలేదే."

"నా చేత ఒట్టేయించుకుంది. పిల్లకి తెలిస్తే మళ్ళీ ఆ ఆటకి ఎల్లదు, చెప్పకు అంది." అమ్మ కప్పులో మిగిలిన టీ తాగేసింది. "ఇల్లే పోతోంది, ఇంకా ఒట్టేమిటిలే," అంది.

నేను లేచి బూట్లు వేసుకున్నాను. ఎక్కడికే అంటే, ఇప్పుడే వస్తానన్నాను. ఓవల్ దాకా వెళ్ళి, గట్టున ఆ బల్ల ఉండే చోట నిలబడి, అక్కడి నుంచి ఇంటికి బయలుదేరాను. ఆవిడ నడకలాగే మెల్లగా నడిచాను. పదకొండు నిమిషాలు పట్టింది.